క్వాలిటీ ఆడిట్ ఫారంలో 'పాస్', 'ఫెయిల్' బదులు సొంత పేర్లు పెడితే పాత రిపోర్టులు పాడవుతాయా?

పేర్లు మార్చుకోవచ్చండి, ఫారం సెట్టింగుల్లో అడ్మిన్ యాక్సెస్ ఉంటే అదేమంత పని కాదు. పాత రిపోర్టుల సంగతి మాత్రం మీ టూల్‌ను బట్టి ఉంటుంది. కాల్ సెంటర్‌లో ఏజెంట్ల కాల్స్ విని మార్కులు వేసే ఆడిట్ టీంలో ఈ పని నా నెత్తినే పడింది కాబట్టి చూసింది చెబుతాను.

కొన్ని టూల్స్ ఫలితాన్ని లోపల ఒక కోడ్‌గా ఉంచుకుని పైకి మాత్రం పేరు చూపిస్తాయి. వాటిలో పేరు మారిస్తే పాత ఆడిట్లలోనూ కొత్త పేరే కనిపిస్తుంది, లెక్క చెదరదు. కొన్ని పేరునే సేవ్ చేసేస్తాయి. అప్పుడు నెల మధ్యలో మార్చారంటే రిపోర్టులో 'ఫెయిల్' ఒక వరసలో, 'కోచింగ్ అవసరం' ఇంకో వరసలో వస్తాయి. మీది ఏ రకమో తేలాలంటే ఒక డమ్మీ ఫారంలో ఆడిట్ సేవ్ చేసి, పేరు మార్చి, అదే ఆడిట్‌ను మళ్ళీ తెరిచి చూడండి. ఎక్స్‌పోర్ట్ కూడా తీసి చూడండి, ఎందుకంటే అసలు తంటా చాలాసార్లు టూల్ బయటే ఉంటుంది. మా దగ్గర ఒక ఎక్సెల్ ఫార్ములా 'ఫెయిల్' అనే మాటను వెతికి లెక్కపెట్టేది. పేరు మారగానే ఫెయిల్స్ సున్నా అయ్యాయి. క్వాలిటీ అమాంతం పెరిగిందని పైవాళ్ళు సంబరపడ్డారు కూడా!

రెండు పేర్ల బదులు మూడు నాలుగు స్థాయిలు పెట్టాలనుకుంటే హద్దులు జాగ్రత్త. '80 నుంచి 89', '90 నుంచి 100' అని రాస్తే 89.5 వచ్చిన వాళ్ళు ఎటూ కాకుండా పోతారు. '90, ఆపైన', '80, ఆపైన 90 లోపు' అని పెట్టండి. పైగా 'వర్తించదు' అని గుర్తు పెట్టిన ప్రశ్నను చాలా టూల్స్ మొత్తం మార్కుల్లోంచే తీసేస్తాయి. పదేసి మార్కుల ప్రశ్నలు పది ఉన్న ఫారంలో 80 వస్తే 80 శాతమే. అందులో ఒకటి వర్తించదంటే అదే 80ని 90కి లెక్కేస్తారు, దాదాపు 88.9 శాతం అవుతుంది. కాబట్టి దశాంశాలు రావడం మామూలే.

ఇక పేర్ల ఎంపిక. 'ఫెయిల్' బదులు మెత్తటి మాట పెట్టడం మంచిదే, ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు ఏజెంట్‌కు టెన్షన్ కాస్త తగ్గుతుంది. కానీ ఫేటల్ ఎర్రర్లను, అంటే మిగతా స్కోరు ఎంత ఉన్నా కాల్‌ను ఫెయిల్ చేసే పెద్ద తప్పులను, అందులో కలపొద్దు. కస్టమర్ ఎవరో వెరిఫై చేయకుండా అకౌంట్ వివరాలు చెప్పేసిన కాల్‌లో మిగతాదంతా చక్కగా ఉన్నా దాన్ని 'మెరుగుపడాలి' అంటే ఎలా? దానికి 'ఫేటల్' అనే విడిగా ఉంచండి. స్కోరు పక్కన కారణం కూడా కనిపించేలా పెడితే, 96 వచ్చినా ఎందుకు పోయిందని ఏజెంట్లు వేసే డిస్ప్యూట్లు (అభ్యంతరాలు) తగ్గుతాయి.

వీలైతే నడుస్తున్న ఫారాన్ని ముట్టుకోకుండా కాపీ తీసి, కొత్త వెర్షన్‌గా నెల మొదటి తేదీ నుంచి వాడండి. ఇన్సెంటివ్ లెక్కలు చూసేవాళ్ళకు ఆ తేదీ ముందే మెయిల్ పెట్టండి.