సంసారంలో ఉన్నవాళ్ళకు బుద్ధుడి బోధ ఎలా పనికొస్తుంది? మా అమ్మ విషయంలో నేను చూసింది

భార్యాబిడ్డలను వదిలి వెళ్ళిపోయి, అంతా దుఃఖమే అన్న మనిషి బోధ ఇల్లూవాకిలీ ఉన్నవాళ్ళకు ఏం పనికొస్తుందని ఒకరు అడిగారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

నాన్నకు షుగరు. రెండేళ్ళ క్రితం ఉగాది నాడు అమ్మను బతిమాలి రెండు బొబ్బట్లు తిన్నారు. మర్నాడు తెల్లవారుజామునే గుండెపోటుతో పోయారు. బొబ్బట్లకూ దీనికీ సంబంధం లేదని డాక్టర్ చెప్పినా అమ్మ వినలేదు. "నా చేత్తో నేనే పెట్టాను" అని నెలల తరబడి అదే మాట. బొబ్బట్ల పెనం తీసి అటక మీద పడేసింది.

ఆ రోజుల్లోనే నేను మహాపరినిబ్బాన సుత్తం చదివాను. బుద్ధుడి చివరి రోజుల కథ అది. అప్పటికి ఆయనకు 80 ఏళ్ళు. పావా అనే ఊళ్ళో చుందుడనే కమ్మరి భోజనానికి పిలిచి సూకరమద్దవం వడ్డించాడు. (అది పందిమాంసమని కొందరు, పుట్టగొడుగులని కొందరు అంటారు.) అది తిన్నాక ఆయనకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. ఆ నొప్పితోనే కుశీనగరం వైపు నడిచాడు. దారిలో తన శిష్యుడు ఆనందుడితో ఏమన్నాడంటే, తన భోజనం వల్లే ఇలా జరిగిందని చుందుడు కుమిలిపోవచ్చు, ఆ బాధ నువ్వు తీర్చాలి, జ్ఞానోదయానికి సరిగ్గా ముందు తిన్న భోజనానికీ ఈ చివరి భోజనానికీ పుణ్యం సమానమేనని అతనికి చెప్పు అని.

29వ ఏట ఇల్లు విడిచిన మాట నిజమే. కానీ 35వ ఏట బోధగయలో జ్ఞానం పొందాక 45 ఏళ్ళు ఆయన తిరిగింది జనం మధ్యే. దుఃఖం ఉంది, దానికి తృష్ణ కారణం, అది తొలగిపోతుంది, అందుకు అష్టాంగమార్గం (సరైన చూపు, మాట, పని లాంటి ఎనిమిది అంగాల దారి) ఉంది. సారనాథ్‌లో మొదటిసారి చెప్పింది ఈ నాలుగు సత్యాలు. మనలో చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతాం.

ఆయన బోధలో నాకు బాగా పట్టింది రెండు బాణాల పోలిక. ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం. దాని గురించి మనసు కుమిలిపోవడం, తిట్టుకోవడం రెండోది. నాన్న పోవడం మొదటిదైతే, "నేనే పెట్టాను" అన్నది రెండోది. మొదటిది బుద్ధుడికీ తప్పలేదు. రెండోదాన్ని తీసేసుకోవచ్చని ఆయన చెప్పాడు.

ఒక సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చుందుడి కథ చెప్పాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది. "అంత నొప్పిలో కూడా వండి పెట్టినవాడి గురించే ఆలోచించాడా?" అంది. కాసేపటికి బాగా ఏడ్చింది.

ఒక్క రోజులో మారిపోలేదు. నాన్న గుర్తొస్తే ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. కానీ ఆ మాట మాత్రం మెల్లగా తగ్గి, ఆగిపోయింది. మొన్న ఉగాదికి తనే నన్ను పిలిచి అటక మీది పెనం దింపమంది.