చిన్నూకి, గ్రేడియంట్ అక్షరాల గురించి

చిన్నూ,

ఈసారి బోనాలకు మన బస్తీ కమిటీ వెబ్ పేజీ నువ్వే చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. శీర్షికను పసుపు నుంచి కుంకుమలోకి దిగే రంగుల్లో పెడతావట. ఎంత సంతోషమైందో! వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

పద్ధతి నీకు తెలిసిందే: వెనక ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మారే లీనియర్ గ్రేడియంట్, ఆ రంగును అక్షరాల ఆకారం వరకే కత్తిరించే బ్యాక్‌గ్రౌండ్ క్లిప్ టెక్స్ట్, వెనక రంగు కనబడేలా అక్షరాల రంగు ట్రాన్స్‌పరెంట్. కోడ్‌లో క్లిప్ లైను బ్యాక్‌గ్రౌండ్ లైనుకు కిందే రాయి, పైన రాస్తే అది చెల్లదు. ఆ క్లిప్ లైను ముందు -webkit- అనే ప్రిఫిక్స్ ఉన్నదీ లేనిదీ రెండూ పెట్టు. క్రోమ్‌లో ప్రిఫిక్స్ లేకుండా నడిచేది 2023 డిసెంబరులో వచ్చిన 120వ వెర్షన్ నుంచే. మన బస్తీలో ఎన్ని పాత ఫోన్లున్నాయో నీకు తెలుసు కదా.

నా భయమంతా వత్తుల గురించి. నేను పనిచేసిన ఆఫీసులో పక్క టీమ్‌వాళ్లు ఒక పెళ్లి పేజీ చేశారు. ఇంగ్లీషు టెంప్లేట్ తెచ్చి, లైన్ హైట్, అంటే అక్షర సైజుకు వరస ఎత్తు ఎన్ని రెట్లో ఆ అంకె, 1 దగ్గరే వదిలేసి, 'శ్రీరస్తు' అని గ్రేడియంట్‌లో పెట్టారు. ఆ శీర్షిక చుట్టూ బ్రౌజర్ గీసుకునే పెట్టె ఎంత ఎత్తుంటే రంగు అంతవరకే. కిందికి దిగిన వత్తుకు రంగు అందదు, అక్షరమేమో పారదర్శకం, ఇక కనిపించేదేముంది? త వత్తు పోయి 'శ్రీరసు' అయింది. మామూలు రంగైతే వత్తు పెట్టె దాటినా కనబడేది, అందుకే ఎవరూ ముందు పసిగట్టలేదు. పెళ్లికూతురి అమ్మమ్మ ఫోన్ చేసి, "శుభమా అని రాయించుకుంటే అక్షరాలు తెంపారేంటమ్మా" అని ఏడ్చింది. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. నువ్వు 'లష్కర్' అని రాసినా 'అమ్మవారు' అని రాసినా కింద వత్తుంది. లైన్ హైట్ 1.6 పెట్టు, కింద కాస్త ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇవ్వు, గుడులు తెగకుండా పైన కూడా చూసుకో. తొందరపడి వదిలేశావంటే ఊరుకోను.

పసుపంటే నీకెంత ఇష్టమో తెలుసు. చిన్నప్పుడు పలారం బండికి రంగు కాగితాలు అంటిస్తుంటే పసుపువన్నీ నువ్వే లాక్కునేవాడివి, ఇవ్వనంటే అలిగేవాడివి. కానీ నాన్నా, తెల్ల నేల మీద అచ్చ పసుపుకు కాంట్రాస్ట్, అంటే రెండు రంగుల వెలుగు నిష్పత్తి, 1.07 మాత్రమే. పెద్ద అక్షరాలకైనా 3 ఉండాలి. ముదురు నారింజతో మొదలుపెట్టు.

కమిటీవాళ్లు ఆ పేజీని ప్రింట్ తీసి గోడలకు అంటిస్తారు. బ్రౌజర్లు మామూలుగా నేపథ్యాన్ని ప్రింట్ చేయవు, శీర్షిక చోట ఉత్త తెల్లకాగితమే వస్తుంది. ప్రింట్ కోసం విడిగా నలుపు రంగు రాసిపెట్టు.

అంతా అయ్యాక ముందు నాయనమ్మ ఫోన్‌లో తెరిచి చూడు, తర్వాత నాకు లింకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, చూశాకే పడుకుంటా.

మీ అత్త