నార్వే కొండల చిత్రాల్లోకి ట్రోల్స్ ఎలా వచ్చాయి?

నార్వే చిత్రకారులు అన్నన్ని కొండలూ లోయలే ఎందుకు గీశారు, వాటిలోకి ట్రోల్స్ (కొండల్లో, అడవుల్లో ఉండే రాక్షసులు) లాంటి జానపద కథలు ఎలా చేరాయి అని అడిగారు. ఉద్యోగం పని మీద కొన్నాళ్లు నార్వే పడమటి తీరంలోని బెర్గెన్‌లో ఉన్నాను. ఆ ఊళ్లో వాన తెరిపివ్వడం తక్కువ, అందుకే సెలవు రోజులు ఎక్కువగా మ్యూజియంలోనే గడిచేవి.

నార్వే దాదాపు 400 ఏళ్లు డెన్మార్క్ కింద ఉంది. 1814లో సొంత రాజ్యాంగం రాసుకుంది కానీ, అదే ఏడాది స్వీడన్ రాజు కిందికి వెళ్లాల్సి వచ్చింది. విడిపోయింది 1905లో. పట్నాల్లో చదువుకున్నవాళ్లు రాసేది డేనిష్. ఇక 'ఇది మాది' అని చూపించుకోవడానికి మిగిలినవి కొండలు, ఫ్యోర్డులు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), రైతులు, వాళ్ల నోట్లో నానుతున్న కథలు. అస్బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు ఆ కథలు సేకరించి 1841 నుంచి అచ్చు వేయించారు.

తమాషా ఏమిటంటే, ఈ 'జాతీయ' దృశ్యాల్లో పేరుమోసినవి కొన్ని జర్మనీలో కూర్చుని గీసినవి. బెర్గెన్ జాలరి కొడుకు యోహాన్ క్రిస్టియన్ డాల్ డ్రెస్డెన్‌లో స్థిరపడ్డాడు. 1826లో స్వదేశానికి వచ్చి చూసిన స్టాల్‌హైమ్ లోయను 1842లో పెద్ద చిత్రంగా వేశాడు. డ్యూసెల్‌డార్ఫ్‌లో చదివిన టీడెమాండ్, గూడె కలిసి 1848లో 'హార్డాంగర్‌లో పెళ్లి ఊరేగింపు' గీశారు. మనుషులు టీడెమాండ్‌వి, కొండలూ నీళ్లూ గూడెవి. చాలా అందమైన చిత్రం, కాదనను. కానీ అందులో వాన పడదు, ఎవరికీ మట్టి అంటదు. నాకు అంతగా ఎక్కలేదు.

అసలు జానపదం తర్వాతి తరంలో వచ్చింది. థియోడర్ కిట్టెల్సెన్ 1904లో గీసిన 'నొక్కెన్' చూడండి. తామరాకులు తేలే చీకటి మడుగు, అందులోంచి పైకి చూసే రెండు కళ్లు. మనుషుల్ని నీళ్లలోకి లాగేసే భూతం అది. 1906 నాటి 'అడవి ట్రోల్'లో అయితే ట్రోల్ వీపు మీద చెట్లే మొలిచి ఉంటాయి. ఎక్కడిదాకా అడవి, ఎక్కడినుంచి ట్రోల్ అని విడదీయలేం. ముందుతరం వాళ్లు కథకు కొండను వెనక తెరగా పెట్టారు, ఈయన కొండనే పాత్ర చేశాడు.

నాకు మాత్రం నికొలాయ్ ఆస్ట్రుప్ (1880–1928) అంటే ఇష్టం. ఈయన చదువుకు బయటికి వెళ్లినా, తిరిగొచ్చి యోల్‌స్టర్ అనే పల్లెప్రాంతంలోనే దాదాపు జీవితమంతా గీశాడు. ఆరబెట్టడానికి గుంజలకు కట్టిన కోసిన పంట కట్టలు ఈయన చిత్రాల్లో వరసగా నిలబడ్డ ట్రోల్స్‌లా ఉంటాయి. సాయంత్రం వేళ మన చేలల్లో దిష్టిబొమ్మను చూసి ఉలిక్కిపడతామే, అలాగ. నడివేసవి పండగకి జూన్ 23 రాత్రి వేసే పెద్ద మంటలను పదేపదే గీశాడు. వాళ్ల నాన్న చర్చి పాస్టర్. అవి అన్యమతపు ఆచారాలని పిల్లల్ని అటు వెళ్లనిచ్చేవాడు కాదట. కొన్ని చిత్రాల్లో ఒక మనిషి ఆటపాటలకు దూరంగా విడిగా నిలబడి ఉంటాడు. అది తెలిశాక ఆ మనిషినే ముందు వెతుక్కునేవాణ్ని.

వెళ్లే అవకాశం ఉంటే ఆస్ట్రుప్ కోసం బెర్గెన్‌లోని కోడె మ్యూజియం, మిగతావాళ్ల కోసం ఓస్లోలో 2022లో కొత్త భవనంలో తెరిచిన నేషనల్ మ్యూజియం చూడండి. కిట్టెల్సెన్‌వి చాలావరకు కాగితం మీది బొమ్మలు. అలాంటివి వెలుగుకు పాడవుతాయని ఎప్పుడూ గోడ మీద ఉంచరు, కాబట్టి టికెట్ కొనేముందు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.