రెండు కళ్లున్నా బొమ్మ ఒక్కటే ఎందుకు కనిపిస్తుంది?

కళ్లు పంపేది రెండు బొమ్మలే, వాటిని ఒకటిగా కలిపేది మెదడు. కళ్ల మధ్య 6 సెంటీమీటర్లకి పైగా ఎడం ఉంటుంది కాబట్టి ఒక్కో కంటికి దృశ్యం కాస్త తేడాగా కనిపిస్తుంది. ఒక్కో కంటికున్న ఆరేసి కండరాలు రెండింటినీ ఒకే వస్తువు మీదికి తిప్పి నిలబెడతాయి, అప్పుడు దాని ప్రతిబింబం రెండు రెటీనాల (కంటి లోపల వెనకవైపు వెలుగుని పసిగట్టే పొరల) మీదా ఒకదానికొకటి సరిపోయే చోట్ల పడుతుంది, అక్కడి నుంచి వచ్చే నరాల్లో సగం అడ్డంగా దాటడం వల్ల రెండు కళ్లూ చూసిన కుడివైపు దృశ్యం ఎడమ మెదడుకీ, ఎడమవైపుది కుడి మెదడుకీ చేరి, తల వెనక భాగంలో కలుస్తుంది. ఆ చిన్న తేడాని మెదడు పారేయదు, నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే, దాన్నుంచే లోతు, అంటే ఏది దగ్గరో ఏది దూరమో, పసిగడుతుంది.

ముక్కుకి జానెడు దూరంలో వేలు నిలబెట్టి, వెనకున్న గోడని చూడండి. వేలు రెండుగా కనిపిస్తుంది. వేలినే చూస్తే ఒక్కటవుతుంది, ఈసారి గోడ మీది గడియారం రెండవుతుంది.

చిన్నపిల్లలకి మెల్లకన్ను ఉంటే మాత్రం దయచేసి ఆలస్యం చేయకండి: బొమ్మలు కలవక మెదడు ఒక కంటిని పట్టించుకోవడం మానేస్తుంది, అలాగే వదిలేస్తే ఆ కంటి చూపు మందగిస్తుంది.