నీలం లైటు ఆగకుండా మెరుస్తోందా? డేటా భద్రమే, బోర్డు మార్చండి

డిస్కులన్నీ తీసేసినా మీ సైనాలజీ డీఎస్1515+ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే ఐదు డిస్కుల పెట్టె) నీలం పవర్ లైటు మెరుస్తూనే ఉందన్నారు కదా, అంటే పాడైంది చాలావరకు మదర్‌బోర్డే. అందులో ఉన్నది ఇంటెల్ ఆటమ్ సీ2538 ప్రాసెసర్, సీ2000 రకానిది. ఆ సీ2000 చిప్‌లలో క్లాక్ సిగ్నల్ (మిగతా భాగాలకు తాళం వేసే సిగ్నల్) ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడి, చివరికి మెషీన్ బూట్ అవడం మానేస్తుంది. ఈ లోపాన్ని ఇంటెల్ 2017లోనే ఒప్పుకుంది. పవర్ సప్లై పోయినా ఇలాగే కనిపించవచ్చు, దొరికితే ముందు అది మార్చి చూడండి.

డేటా గురించి టెన్షన్ వద్దు. రెయిడ్ (డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా వాడే అమరిక) వివరాలు డిస్కుల్లోనే ఉంటాయి, బోర్డులో కాదు.

1. డిస్కుల మీద 1 నుంచి 5 దాకా నంబర్లు రాసి బయట పెట్టండి.

2. అదే మోడల్ బోర్డు బిగించి, పాత ర్యామ్ అందులో పెట్టండి. రెండు క్లిప్పులూ టక్‌మని పడాలి.

3. డిస్కులు లేకుండా ఆన్ చేయండి. లైటు నిలకడగా వెలిగితే ఆపేసి, డిస్కుల్ని అదే వరుసలో పెట్టండి.

4. చాలామంది తప్పేది ఇక్కడే. కొత్త బోర్డుకి మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పరికరం గుర్తింపు నంబరు) వేరు కాబట్టి రౌటర్ కొత్త ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) ఇస్తుంది. పాత అడ్రస్ తెరుచుకోక, ఇది కూడా పాడైందనుకుని రీసెట్ నొక్కేస్తారు. దయచేసి నొక్కకండి. నెట్‌వర్క్‌లో ఈ పెట్టెను వెతికే సైనాలజీ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌తో వెతకండి, కొత్త ఐపీతో కనిపిస్తుంది. తర్వాత రౌటర్‌లో పాత రిజర్వేషన్‌కి (ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చే సెట్టింగ్‌కి) కొత్త మ్యాక్ ఇవ్వండి.

5. ఇన్‌స్టాల్ స్క్రీన్ వస్తే ఫైళ్లు ఉంచే మైగ్రేషన్ ఆప్షనే ఎంచుకోండి. డిస్కులు చెరిపేస్తామని హెచ్చరిక కనిపిస్తే అక్కడే ఆగి, ఆ స్క్రీన్ ఫొటో ఇక్కడ పెట్టండి.