కిట్టూ, పండగదాకా ఏమీ మార్చకు

చిరంజీవి కిట్టూకి మావయ్య ఆశీస్సులు.

కండబలానికి వేసుకునే క్రియాటిన్ పొడి కసరత్తుకి ముందా తర్వాతా, సెట్ల (ఆగకుండా చేసే ఒక్కో విడత) మధ్య 90 సెకన్లా 120 సెకన్లా, అరటిపండు ఎప్పుడు తినాలి... ఇన్ని అడిగావు గానీ స్క్వాట్‌లో, అదే బార్ భుజాలమీద పెట్టుకుని తీసే గుంజీల్లో, ఎంత ఎత్తుతున్నావో చెప్పలేదు. అందుకే నీ నోటు పుస్తకం ఫోటోలు పంపమన్నాను. చూశాక బాధేసిందిరా. మార్చిలో 60 కిలోలు, అక్టోబరులోనూ 60 కిలోలే. ఈలోగా నాలుగు ప్రోగ్రాములు మార్చావు, బూట్లు మార్చావు. వారానికి మూడు రోజులనుకున్నవాడివి, ఆగస్టు మొత్తమ్మీద జిమ్ముకెళ్లింది ఐదు రోజులు!

నేనూ ఇలాగే ఏడాది పోగొట్టుకున్నాను. విజయనగరంలో ఉన్నప్పుడు స్క్వాట్‌కి పాదాలెక్కడ పెట్టాలో చాక్‌పీసుతో నేలమీద గీతలు గీసుకుని, వారంవారం వేలెడు అటూ ఇటూ జరిపేవాణ్ణి. 90 కిలోల దగ్గర ఆగిపోయాను. ఒకేచోట నిలబడి నెలల తరబడి చేస్తేనే కదా ఒంటికి అలవాటయ్యేది? గీత జరిపినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చేవాణ్ణి. చివరికి మా గురువుగారు ఆ గీతలన్నీ తుడిపించి, బార్‌కి అటొకటి ఇటొకటి కిలోంబావు ప్లేట్లు తగిలించి, ఎత్తింది పుస్తకంలో రాయమన్నారు. బరువు అప్పుడు కదిలింది.

చిన్న తేడాలు లెక్కలోకే రావని కాదు. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు రకాల లిఫ్టులకి 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. స్వర్ణం, రజతం రెండూ 242.5 కిలోల దగ్గరున్నాయి. ఆ స్థాయిలో రెండున్నర కిలోల కోసం రాత్రింబవళ్లు ఆలోచించాల్సిందే. కానీ అక్కడికి చేరేముందు ఎన్నేళ్ల సాధన ఉందో చూడు.

క్రియాటిన్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు, ఏ వేళైనా ఒకటే. కండరాల్లో నిల్వ నిండడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది, అరగంట తేడాకి ఏమీ కాదు. కిడ్నీ ఇబ్బందేదైనా ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకు. సెట్ల మధ్య ఊపిరి కుదుటపడేదాకా, రెండు మూడు నిమిషాలు ఆగు. నన్నడిగితే అరటిపండు కన్నా నీ ప్రోటీన్ సంగతి ముఖ్యం. కిలో ఒంటిబరువుకి 1.6 గ్రాముల లెక్కన, 70 కిలోలున్న నీకు రోజుకి 112 గ్రాములు కావాలి. పొద్దున ఇడ్లీ, రాత్రి పెరుగన్నంతో అందులో సగమైనా రాదు. గుడ్డుకి ఆరేసి గ్రాములొస్తాయి. గుడ్లు, చికెన్, పప్పు పెంచు. రాత్రి రెండింటిదాకా ఆ వీడియోలు చూడ్డం మానేసి పడుకో.

సంక్రాంతిదాకా సోమ, బుధ, శుక్రవారాలు. స్క్వాట్ ఐదేసి రెప్స్ (సెట్లో ఐదేసి సార్లు) చొప్పున మూడు సెట్లు. అన్నీ పూర్తయితే తర్వాతి వంతుకి రెండున్నర కిలోలు కలుపు. వరసగా రెండుసార్లు ఆగిపోతే పదో వంతు తగ్గించి మళ్లీ ఎక్కు. మిగతావేవీ ముట్టుకోకు.

పండక్కి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకో. మన ఊరి జిమ్ములో నీ చివరి బరువు వేసుకుందువుగాని. వెనక నేను నిలబడతాను.

మావయ్య