కాలేజీ కుర్రకారు కోసం పుట్టిన ఇంటర్నెట్ టీవీ సంస్థ ఎలా నిలదొక్కుకుంది?

టీవీఎఫ్‌గా పేరుపడ్డ 'ది వైరల్ ఫీవర్'ను ఉదాహరణగా తీసుకుంటే సంగతి తేలికగా బోధపడుతుంది. 2010లో అరుణాభ్ కుమార్ ప్రారంభించిన ఈ సంస్థ, టీవీ ఛానళ్లు పట్టించుకోని వయసువారికి, అంటే అత్తాకోడళ్ల సీరియళ్లు నచ్చని విద్యార్థులకు, యూట్యూబ్‌లో ఉచితంగా కార్యక్రమాలు అందించింది. చూసేవారి దగ్గర డబ్బు లేదు కనుక ఖర్చును ప్రకటనదారులే భరించారు. అదీ మధ్యలో విరామ ప్రకటనలుగా కాక, కథలోనే సరుకు ఇమిడిపోయేలా. 2016లో వచ్చిన వెబ్ సిరీస్ 'ట్రిప్లింగ్'లో ముగ్గురు తోబుట్టువులు ప్రయాణించే టాటా టియాగో కారు అలా వచ్చినదే. ఆ కారు దాదాపు నాలుగో పాత్ర.

అయితే కథలు ఎంత బాగున్నా, డేటా ఖరీదుగా ఉన్నంత కాలం వీక్షణకు హద్దు ఉండేది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో ఆ హద్దు చెరిగిపోయింది. విజయవాడ బెంజి సర్కిల్ పరిసరాల హాస్టళ్లలో, అంతకుముందు ఒకరి పెన్‌డ్రైవ్ గదిగదికీ తిరిగేది. ఆ తర్వాత స్టీలు గ్లాసుకు ఆనించిన ఒక్క ఫోను ముందు నలుగురు భోజనం పళ్లాలతో కూర్చోవడం మామూలైంది. గుంటూరు బస్సులో నిలబడి వెళ్లే విద్యార్థికి కూడా ఇరవై నిమిషాల ఎపిసోడు సరిగ్గా సరిపోయేది.

తెలుగులో ఇదే ఖాళీని మొదట యూట్యూబ్ లఘుచిత్రాలు పూరించాయి. ప్రారంభంలో పూర్తిగా తెలుగుకే అంకితమైన ఓటీటీ వేదిక ఆహా 2020లో గాని రాలేదు. నా దృష్టిలో ఆ ఆలస్యానికి కారణం ప్రతిభ లోపం కాదు, ప్రాంతీయ భాషపై ప్రకటనదారుల చిన్నచూపు.